పొలము గట్టున లెక్క: క్లౌడ్, ఫాగ్, ఎడ్జ్ కంప్యూటింగును గురించి రైతులు తెలిసికొనవలసిన విషయములు



శీతకాలమున నర్సీపట్నము నుండి ఘాటు ఎక్కి లంబసింగి, చింతపల్లి వెళ్ళినవారికి పొగమంచు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. క్రింద నిలిచి చూచినపుడు కొండ మీద మబ్బు పట్టినట్లు కనిపించును. అదే చోటికి ఎక్కి వెళ్ళినచో అది మన ఒంటిని చుట్టుకొను పొగమంచు. వస్తువు ఒక్కటే. ఎత్తున, దూరముగా ఉన్నచో మబ్బు అందుము. నేలను ఆనుకొని మన దగ్గర ఉన్నచో మంచు అందుము.

కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ రెండు పేర్లనే తమ విద్యలోనికి తెచ్చుకొనిరి. దూరమున ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో లెక్క చేయించుటను క్లౌడ్, అనగా మబ్బు, అనిరి. అట్టి పనిని మనకు దగ్గరగా తెచ్చుకొనుటను ఫాగ్, అనగా పొగమంచు, అనిరి. మరింత దగ్గరగా, పని జరుగు చోటనే లెక్క చేయుటను ఎడ్జ్, అనగా అంచు, అనిరి. పొలమునకు అంచు గట్టే కదా! కావున ఈ మూడింటిని మబ్బు లెక్క, మంచు లెక్క, గట్టు లెక్క అని గుర్తు పెట్టుకొనవచ్చును.

ఈ విషయము పట్టణముల వారికే గాని మనకెందుకని అనుకొనరాదు. ఫోనుతో నడచు మోటారు స్టార్టర్లు, నేల తేమను కొలుచు సెన్సార్లు, పురుగులను లెక్కించు కెమెరాలు, నీటి వాల్వులను తమంతట తామే త్రిప్పు పెట్టెలు ఇప్పుడు రైతులకు అమ్మకమునకు వచ్చుచున్నవి. వీనిలో పలు సామానులు క్లౌడుతో పనిచేయునని గొప్పగా చెప్పుదురు. ఆ మాట విని డబ్బు పెట్టుటకు ముందు రైతు అడుగవలసిన ప్రశ్న ఒక్కటి కలదు: సిగ్నలు పోయిన రోజున ఈ సామాను ఏమి చేయును? ఈ వ్యాసమంతయు ఆ ఒక్క ప్రశ్నను గురించియే.

మనకు తెలిసిన పనులలో ఇదే పద్ధతి

ఈ పద్ధతి పేరు క్రొత్తదే గాని పని పాతది. నాతవరము మండలములోని తాండవ జలాశయమును తీసికొనుడు. దీని పూర్తి నీటిమట్టము 380 అడుగులు. దీని క్రింద యాభై వేల ఎకరములకు పైబడిన ఆయకట్టు కలదు. ఏ తేదీన నీరు వదలవలెను, ఏ కాలువకు ఎంత అను విషయములు పై అధికారులు జలాశయము మట్టము, ఆయకట్టు లెక్క చూచి నిర్ణయింతురు. అది తొందరపడి చేయు నిర్ణయము కాదు. కాని ఒక రాత్రి కాలువకు గండి పడినచో లస్కరు ఏమి చేయును? అనకాపల్లికి ఉత్తరము వ్రాసి జవాబు కొరకు కూర్చుండునా? ముందు తలుపు దించును, ఆ తరువాత కబురు పంపును. తలుపు దించుట గట్టు లెక్క. సెక్షను కార్యాలయములో నాలుగు కాలువల సంగతి కలిపి చూచుట మంచు లెక్క. సాలు పొడుగునా నీటి పంపకమును తేల్చుట మబ్బు లెక్క.

బెల్లము వండు చోట చూచినను ఇంతే. పాకము దిగు సమయమును పెనము వద్ద ఉన్నవాడే కనిపెట్టును. ఆ క్షణము దాటినచో పాకము ముదిరిపోవును. అనకాపల్లి మార్కెటులో ధర ఎట్లున్నదను సంగతి మాత్రము దూరము నుండి తెలిసికొనవచ్చును, సాయంత్రము తెలిసినను నష్టము లేదు.

మీ మోటారు పెట్టెలో కూడ ఈ పద్ధతి ఇప్పటికే కలదు. మూడు ఫేజులలో ఒకటి పోయినపుడు మోటారును వెంటనే ఆపు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటరును చాలమంది ఎరుగుదురు. ఒక ఫేజు పోయి మోటారు అట్లే నడచినచో మిగిలిన తీగలు మితిమీరిన కరెంటు లాగి, కొన్ని నిమిషములలోనే వైండింగు కాలిపోవును. ఆ పరికరము ఎవరిని అడుగదు, ఏ టవరుకు కబురు పంపదు. తన ఎదుట ఉన్న మూడు తీగలను చూచి తానే తీర్పు చెప్పును. గట్టు లెక్కకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు.

ఈ విద్య ఎట్లు పెరిగినది

1960 ప్రాంతములో కంప్యూటరు ఒక గదిని నింపునంత పెద్దది. లెక్కలన్నియు అక్కడికే మోసికొని పోవలసి వచ్చెడిది. తరువాత 1980 నాటికి బల్లమీద పెట్టుకొను చిన్న కంప్యూటర్లు వచ్చి లెక్క మనిషి దగ్గరకు చేరినది. 2006లో అమెజాను సంస్థ తన పెద్ద కంప్యూటర్లను గంటల చొప్పున ఇతరులకు అద్దెకు ఇయ్య మొదలుపెట్టినది. అప్పటినుండి లెక్క మరల దూరమునకు పోయినది.

కాని అన్ని పనులకు దూరపు కంప్యూటరు సరిపడదని త్వరలోనే తెలిసినది. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో ఆచార్యులైన మహాదేవ్ సత్యనారాయణన్, మరి కొందరు కలిసి 2009లో ఒక ఆలోచన చెప్పిరి. పెద్ద మబ్బుకు బదులు వాడుకొనువారి సమీపముననే చిన్న మబ్బు తునకలను పెట్టవలెనని వారి మాట. 2012లో సిస్కో సంస్థకు చెందిన ఫ్లావియో బొనోమి, ఆయన తోటివారు ఫాగ్ అను పేరును ప్రచారములోనికి తెచ్చిరి. 2015 నవంబరులో కొన్ని కంపెనీలు, ఒక విశ్వవిద్యాలయము కలిసి ఓపెన్‌ఫాగ్ అను సంఘముగా ఏర్పడినవి. ఆ సంఘము తయారుచేసిన నమూనాను 2018లో ఐ.ట్రిపుల్.ఇ. సంస్థ 1934వ నంబరు ప్రమాణముగా అంగీకరించినది. హైదరాబాదు విశ్వవిద్యాలయములో అధ్యాపకులైన సతీష్ నారాయణ శ్రీరామ, మెల్‌బోర్ను విశ్వవిద్యాలయపు రాజ్‌కుమార్ బుయ్యతో కలిసి సంపాదకత్వము వహించిన ఫాగ్, ఎడ్జ్ కంప్యూటింగు గ్రంథము 2019లో వెలువడినది. అనగా ఈ విద్యలో మన ప్రాంతపు విశ్వవిద్యాలయమునకు కూడ చోటు కలదు.

మనకు వేగము కంటె తెగకుండుట ముఖ్యము

పట్టణములలో ఈ పద్ధతిని మెచ్చుకొనువారు వేగమును గురించి చెప్పుదురు. గాజు తీగలో వెలుతురు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును. కావున వెయ్యి కిలోమీటర్ల దూరమున ఉన్న కంప్యూటరుకు ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు సెకనులో నూరవ వంతు సరిపోవును. దారిలోని ఆలస్యములు కలిపినను కన్ను మూసి తెరచునంతలో పని ముగియును. తనంతట తాను నడచు కారుకు ఆ ఆలస్యము కూడ ఎక్కువే కావచ్చును. మన చెరకు తోటకు అది ఒక లెక్క కాదు. మడికి నీరు అర నిమిషము ఆలస్యముగా పోయినను పైరుకు హాని లేదు.

మనకు వచ్చు చిక్కు వేరు. మనకు తీగ తెగును, టవరుకు కరెంటు పోవును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటిన సంగతి ఈ ప్రాంతము వారెవ్వరును మరువలేదు. కరెంటు స్తంభములు కూలినవి, ఫోన్లు మూగపోయినవి, పలు చోట్ల రోజుల తరబడి కబురు లేదు. సరిగా ఆ రోజులలోనే రైతుకు సాయము ఎక్కువ కావలసి వచ్చినది. పొలములో నీరు ఎంత నిలిచినది, ఏ మోటారు మునిగినది, ఏ దారి తెగినది అని తెలిసికొనవలసిన వేళ దూరపు కంప్యూటరు మనకు చేరలేదు. అంత పెద్ద తుపాను కాకపోయినను, గాలివాన వచ్చిన ప్రతి రాత్రి మన్యపు అంచు గ్రామములలో ఇదే కథ చిన్న ఎత్తున జరుగును.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నము ప్రాంతములో ఐదు సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో పెద్ద కంప్యూటరు కేంద్రమును నెలకొల్పుదునని ప్రకటించినది. మబ్బే మన దగ్గరకు వచ్చుచున్నది గదా, ఇక మంచుతో పని ఏమి అని కొందరు అడుగవచ్చును. మన ఊరి నుండి ఆ కేంద్రమునకు పోవు దారి సంగతి ఆలోచించుడు. గొలుగొండ దాటిన తరువాత ఒక టవరు పడిపోయినచో, ఆ పెద్ద కంప్యూటరు విశాఖలో ఉన్నను సింగపూరులో ఉన్నను మన మోటారుకు ఒక్కటే. మైళ్ళ దూరము తగ్గినంత మాత్రమున దారిలోని తెగుడు తగ్గదు.

ఏ లెక్క ఎక్కడ జరుగవలెను

ఇట్లనుటచేత దూరపు కంప్యూటరు దండుగ అని అర్థము చేసికొనరాదు. దాని పని దానికి కలదు. ఇక్రిసాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు మన రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి 2016 ఖరీఫులో కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది వేరుసెనగ రైతులకు విత్తు తేదీని ఫోను సందేశముల ద్వారా తెలుగులో తెలిపినవి. ముప్పది సంవత్సరముల వాతావరణ లెక్కలను తిరగవేసి, ఆ యేటి వాన అంచనాతో పోల్చి ఆ తేదీని తేల్చిరి. ఆ రైతులకు దిగుబడి సగటున 30 శాతము హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. అంతటి లెక్క పొలము గట్టున పెట్టు చిన్న పెట్టెలో జరుగదు, జరుగనక్కరలేదు. విత్తు సలహా ఒక పూట ఆలస్యముగా అందినను ఫరవాలేదు. ఇది మబ్బుకు తగిన పని.

దీనికి ఎదురుగా మరియొక ఉదాహరణము చూడుడు. మొక్కజొన్నను తిను కత్తెర పురుగు మన దేశములో మొదట 2018లో కర్ణాటకలో కనిపించి, త్వరలోనే మన జిల్లాలకు ప్రాకినది. అదే సంవత్సరము ఆఫ్రికా రైతుల కొరకు ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ, అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయము కలిసి నురు అను ఫోను పరికరమును విడుదల చేసినవి. ఫోనును ఆకుపై చూపినచో కత్తెర పురుగు గాటును గుర్తించును. దీని విశేషమేమనగా, గుర్తించు తెలివి ఫోనులోనే ఉండును. సిగ్నలు లేని చోట కూడ పనిచేయును. చేను నడుమ నిలబడిన రైతుకు జవాబు అక్కడే కావలెను. ఇది గట్టుకు తగిన పని.

ఈ రెండింటి నడుమ మంచుకు తగిన పని కలదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2017లో ప్రకటించిన ఫార్మ్‌బీట్స్ ప్రయోగమును అమెరికాలోని రెండు పొలములలో ఆరు నెలలు నడిపిరి. టి.వి. ప్రసారములకు వాడని తరంగముల మీదుగా పొలములోని సెన్సార్ల కొలతలు రైతు ఇంటిలోని కంప్యూటరుకు చేరెడివి. డ్రోను తీసిన బరువైన వీడియోను ఆ ఇంటి కంప్యూటరే చూచి, సారాంశమును మాత్రము దూరమునకు పంపెడిది. వానకు ఇంటర్నెట్టు పోయినను పొలము పని ఆగకుండునట్లు ఏర్పాటు చేసిరి. అమెరికా పల్లెలలో కూడ లైను బలహీనమే అని దీనివలన తెలియుచున్నది.

ఎంత సమాచారము పంపవలెనను లెక్క కూడ వేసి చూడుడు. ఒక తేమ సెన్సారు పావుగంటకు ఒకసారి కొలత తీసినచో రోజుకు 96 కొలతలు. ఒక్కొక్క కొలతకు 20 బైట్లు అనుకొన్నను రోజుకు 1,920 బైట్లు. అట్టి సెన్సార్లు యాభై ఉన్నను మొత్తము లక్ష బైట్లు దాటదు. ఫోనులో తీసిన ఒక్క ఫోటో కంటె అది చాల తక్కువ. అదే ఒక కెమెరా పగటి పన్నెండు గంటలలో పది నిమిషముల కొకటి చొప్పున 72 ఫోటోలు తీసి, ఒక్కొక్కటి 20 లక్షల బైట్లు అయినచో రోజుకు 14 కోట్ల 40 లక్షల బైట్లు పంపవలెను. కెమెరా ప్రక్కనే లెక్క జరిగినచో పంపవలసినది ఒక్క మాట: ఈ రోజు బుట్టలో ఇన్ని పురుగులు పడినవి. మొదటి దానికి మంచి లైను, నెలనెల ఖర్చు కావలెను. రెండవదానికి బలహీనమైన సిగ్నలు చాలును.

ఒక ఊరిలో ఏర్పాటు ఎట్లుండవచ్చును

తాండవ కాలువ చివరి భూములలో ఒక ఊరు ఉన్నదనుకొనుడు. కొందరికి బోరు మోటార్లు, కొందరికి డ్రిప్పు, చెరకు, కూరగాయలు, కొద్ది వరి. అక్కడ మూడు మెట్లుగా ఏర్పాటు చేయవచ్చును.

మొదటి మెట్టు పొలములో. తేమ సెన్సారు, వాల్వు, మోటారు స్టార్టరు ఒక చిన్న పెట్టెకు కలిసి ఉండును. నేల ఆరినచో నీరు పెట్టుట, తడిసినచో ఆపుట, బోరులో నీరు లేక మోటారు వట్టిగా తిరిగినచో కట్టివేయుట, ఫేజు పోయినచో ఆపుట ఈ పెట్టె పని. ఇవి ఎవరిని అడుగక జరుగవలెను.

రెండవ మెట్టు ఊరిలో. రైతు సేవా కేంద్రములోనో, సహకార సంఘము గదిలోనో బ్యాటరీతో నడచు ఒక చిన్న కంప్యూటరు ఉండును. పొలములోని పెట్టెలు లోరా వంటి తక్కువ శక్తి రేడియోతో దీనికి కొలతలు పంపును. మన దేశములో 865 నుండి 867 మెగాహెర్ట్‌జుల తరంగములను నియమములకు లోబడి లైసెన్సు లేకనే వాడవచ్చును. మైదానములో ఈ రేడియో కొన్ని కిలోమీటర్లు అందును. కొండ గాని, దట్టమైన తోపు గాని అడ్డమైనచో తగ్గును. ఇరవై మోటార్లు ఒక్కసారి మొదలై ట్రాన్స్‌ఫార్మరు కాలిపోకుండ వంతులు వేయుట, ఏ చేను ఎండుచున్నదో చూపుట, వారము రోజుల రికార్డు దాచుట ఈ కంప్యూటరు పని. బయటి లైను తెగినను ఊరి లోపలి పని నడచును.

మూడవ మెట్టు దూరమున. ఊళ్ళ రికార్డులన్నియు అక్కడ చేరి సంవత్సరముల తరబడి నిలువ ఉండును. వాన అంచనా, తెగులు ఏ దిక్కుకు ప్రాకుచున్నది, వచ్చే సాలు సలహా అక్కడ తయారగును. లైను ఉన్నపుడు సారాంశము పైకి పోవును, సలహా క్రిందికి వచ్చును. లైను లేనపుడు రెండును వేచియుండును.

ఇందలి చిక్కులు

మంచి చెప్పి చెడు దాచుట రైతుకు ద్రోహము. ఈ పద్ధతిలో ఇంకను తీరని చిక్కులు కలవు.

1. మరమ్మతు. దూరపు కంప్యూటరు చెడినచో ఒక్కచోట బాగుచేయుదురు. గట్టు మీద నూరు పెట్టెలున్నచో నూరుచోట్ల చెడును. ఎండ, వాన, పిడుగు, చీమలు, ఎలుకలు వీనికి శత్రువులు. మూత సరిగా బిగింపని పెట్టెలో మొదటి వానకే నీరు చేరును.

2. చెడినట్లు తెలియకుండుట. ఆగిపోయిన సెన్సారు కంటె తప్పు చెప్పు సెన్సారు ఎక్కువ హాని చేయును. ఎర్ర నేలలో సరిచేసిన కొలత నల్ల నేలలో సరిపోదు. పుల్ల చుట్టు మట్టి వదులై గాలి చేరినచో తడి నేలను కూడ పొడి అని చూపును. నెలకు రెండుసార్లయినను వేరుల లోతు నుండి మట్టి తీసి పిడికిట పట్టి చూచి, పెట్టె చెప్పు మాటతో పోల్చవలెను.

3. దొంగ చేతులు. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట లక్షల కొలది కెమెరాలను, ఇంటర్నెట్టు పెట్టెలను వశము చేసికొన్నది. అది వాడిన ఉపాయము చాల చిన్నది. ఫ్యాక్టరీలో పెట్టిన సంకేత పదమును కొన్నవారు మార్చలేదు. అట్టివి అరవైకి పైగా జాబితా వ్రాసికొని వరుసగా ప్రయత్నించినది. ఆ యేడు అక్టోబరు 21న అట్టి పెట్టెలు ఒక్కసారి దాడి చేయగా అమెరికాలో పేరుమోసిన వెబ్‌సైట్లు పనిచేయక గంటల కొలది నిలిచిపోయినవి. మోటారు పెట్టెకు సంకేత పదము మార్చకుండుట బోరు గదికి తాళము వేయకుండుట వంటిది.

4. ఒకరి మాట ఒకరికి తెలియకుండుట. ఒక కంపెనీ సెన్సారు మరియొక కంపెనీ వాల్వుతో మాట్లాడకపోవచ్చును. ప్రమాణములున్నను అందరు పాటించుట లేదు. కంపెనీ మూతబడినచో దాని పెట్టె కూడ మూగపోవు ప్రమాదము కలదు.

5. పరాయి నేర్పు. ఆకును చూచి తెగులు చెప్పు కంప్యూటరు తనకు చూపిన బొమ్మల నుండియే నేర్చుకొనును. వేరొక దేశపు ఆకులు చూచి నేర్చినది మన రకములపై పొరబడవచ్చును. మందు కొట్టుటకు ముందు అనకాపల్లి, చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానముల వారినో, మీ గ్రామ వ్యవసాయ సహాయకునినో అడుగుట క్షేమము. ఫోను చెప్పినదని మందు డబ్బా విప్పరాదు.

6. పెట్టె చచ్చినపుడు సామాను ఏ స్థితిలో ఉండవలెను. దీనిని ముందే తేల్చుకొనవలెను. బోరు మోటారుకయితే పెట్టె చెడినపుడు ఆగుటయే క్షేమము. సముద్రతీర మండలములలోని రొయ్యల చెరువులో గాలి కొట్టు ఏరేటరుకు అట్లు కాదు. రాత్రివేళ అది ఆగినచో నీటిలో ప్రాణవాయువు తగ్గి గంటలలో సరుకు చచ్చిపోవును. అక్కడ పెట్టె చెడినను ఏరేటరు నడువవలెను. ఒకే పెట్టె రెండు పనులకు ఒకే విధముగా బిగించుట పొరపాటు.

కొనుటకు ముందు చేయవలసిన పరీక్షలు

అమ్మువాడు చూపు బొమ్మల పుస్తకమును చూచి తృప్తిపడక, సామానును మీ పొలములోనే నడిపి చూపుమనుడు. ఈ దిగువ పరీక్షలకు పెద్ద చదువు అవసరము లేదు.

సిమ్ము తీయించుడు. ఆ తరువాత పెట్టె నేల తేమను చూచి వాల్వు త్రిప్పుచున్నదా? లేనిచో అది మబ్బును నమ్ముకొన్న సామాను. సిగ్నలు లేని రోజున ఉత్త డబ్బా.

కరెంటు తీసి, పది నిమిషములు ఆగి, మరల ఇప్పించుడు. వెనుక పెట్టిన నియమములను గుర్తుంచుకొన్నదా? గంట, తేదీ సరిగా ఉన్నవా? మోటారును తనంతట తానే తప్పుగా మొదలుపెట్టినదా?

చేతితో నడపు స్విచ్చి ఉన్నదా అని చూడుడు. పెట్టెను ప్రక్కకు నెట్టి పాత పద్ధతిలో మోటారు వేయుటకు వీలు లేని సామానును కొనరాదు.

సంకేత పదమును మీ ఎదుటనే మార్పించుడు. మీ పొలపు కొలతలు ఎక్కడికి పోవుచున్నవి, ఎవరు చూతురు, మీరు అడిగినచో వాని నకలు ఇత్తురా అని కాగితము మీద వ్రాయించుకొనుడు. 2023లో మన దేశములో వ్యక్తిగత డిజిటలు సమాచార రక్షణ చట్టము వచ్చినది. అంగీకారము లేనిదే మీ వివరములను వాడుకొనుట తేలిక విషయము కాదని అమ్మువారు కూడ తెలిసికొనవలెను.

మరమ్మతు చేయువాడు నర్సీపట్నములో దొరకునా, హైదరాబాదు నుండి రావలెనా అని అడుగుడు. చివరగా, మొదటి సాలు అర ఎకరములో మాత్రమే పెట్టి, ప్రక్క అర ఎకరములో మీ అలవాటు ప్రకారము సేద్యము చేసి, నీరు, కరెంటు, దిగుబడి పోల్చి చూచుడు. తరువాతనే మిగిలిన భూమికి విస్తరింపవచ్చును.

గ్రామ ఉద్యోగులకు ఒక మాట

పంట నమోదు, నష్టపరిహారపు లెక్కలు ఇప్పుడు ఫోనులోనే జరుగుచున్నవి. సిగ్నలు లేని చోట తీసిన ఫోటో, సర్వే నంబరు, స్థానము ఫోనులో నిలిచి తరువాత పైకి చేరుట కూడ గట్టు లెక్కయే. ఇందులో రెండు జాగ్రత్తలు అవసరము. నిలిచిన రికార్డు పైకి చేరినట్లు కంటితో చూచువరకు ఫోనును మార్చరాదు, యాప్‌ను తీసివేయరాదు. అది పోయినచో రైతు పంట రికార్డుకు ఎక్కదు. తుపాను వచ్చిన నాడు అతనికి పరిహారము అందదు. రెండవది, ఒకే సర్వే నంబరును ఇద్దరు వేరువేరు ఫోనులలో నమోదు చేసినచో, లైను వచ్చిన తరువాత ఏది నిలువవలెనను తగవు వచ్చును. కావున ఏ నంబర్లు ఎవరు చూడవలెనో ఉదయమే పంచుకొని, కాగితము మీద ఒక జాబితా వ్రాసికొని బయలుదేరుట మేలు. కాగితమునకు బ్యాటరీ అక్కరలేదు.

గుర్తుంచుకొనవలసినది

వెంటనే జరుగవలసిన పని, లైను తెగినను ఆగరాని పని గట్టు మీదనే జరుగవలెను. ఊరివారు కలిసి పంచుకొనవలసిన పని ఊరిలో జరుగవలెను. ఏండ్ల లెక్క, జిల్లాల లెక్క, తొందర లేని లెక్క దూరమునకు పంపవలెను. ఈ మూడింటిని కలగలుపుగా ఒక్కచోటనే పెట్టినవాడు తుపాను రోజున నష్టపడును.

కనుక అమ్మువాడు ఎన్ని కబుర్లు చెప్పినను ముందు సిమ్ము తీయించుడు. ఆ తరువాత కూడ మడికి నీరు పోయినచో అప్పుడు ధర మాట్లాడుడు.